ప్రధానికి ‘వద్దు’ అని చెప్పగల అధికారి

2023 సెప్టెంబరు 6న ప్రత్యేక రక్షణ దళం ఎస్పీజీ డైరెక్టర్ అరుణ్ కుమార్ సిన్హా అనారోగ్యంతో కన్నుమూశారు. కేరళ కేడర్‌కు చెందిన ఆ ఐపీఎస్ అధికారి 2016 నుంచి ప్రధానమంత్రి భద్రతకు సారథ్యం వహించారు. ఆ ఏడాది మే నెలాఖరున పదవీ విరమణ చేయవలసి ఉండగా, కేంద్ర ప్రభుత్వం కాంట్రాక్టు పద్ధతిపై మరో ఏడాది కొనసాగించింది. మరణ వార్తతో పాటు నాయకుల సంతాప సందేశాలు వచ్చాయి, అంతటితో ఆ ప్రస్తావన ముగిసింది. కేంద్రంలో ఒక సహాయమంత్రి శాఖ మారితే గంటల తరబడి చర్చలు నడిపే టీవీ ఛానెళ్లకు, ఈ పదవిలో కూర్చునే వ్యక్తిని ఎవరు ఎంపిక చేస్తారు, ఎంత కాలానికి చేస్తారు, తప్పు జరిగితే అతడు ఎవరికి జవాబు చెప్పాలి అన్న ప్రశ్నలు తట్టనే లేదు.

ఎస్పీజీ అనగానే మన కళ్ల ముందు కదిలేది నల్ల కళ్లద్దాలు, చెవిలో సన్నటి తీగ, చేతిలో బ్రీఫ్‌కేసు పట్టుకుని ప్రధాని పక్కన పరుగెత్తే యువకుడు. తూటాకు అడ్డుపడే బాధ్యత అతడిది. అయితే అతడు ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో, అక్కడికి రాకముందు ఏమేమి పరీక్షించి ఉండాలో నిర్ణయించేది కార్యాలయంలో కూర్చునే ఉన్నతాధికారులు. సుమారు 3 వేల మంది సిబ్బందిని వేర్వేరు కేంద్ర బలగాల నుంచి డిప్యుటేషన్‌పై తెచ్చుకోవడం, వారిని వడపోయడం, శిక్షణ ఇవ్వడం, గడువు తీరాక తిరిగి మాతృ సంస్థలకు పంపడం, బులెట్‌ప్రూఫ్ వాహనాలు, జామర్లు, వైర్‌లెస్ వ్యవస్థ, వెంట ఉండే వైద్య బృందం, ప్రతి పర్యటనకు ముందు రాష్ట్ర పోలీసులతో, నిఘా విభాగంతో, జిల్లా యంత్రాంగంతో జరిగే ముందస్తు భద్రతా సమావేశం: ఇవన్నీ ఆ పదవి కిందికి వచ్చే పనులు. వీరత్వం కన్నా ఎక్కువగా నిర్వహణ సామర్థ్యం కావలసిన ఉద్యోగం ఇది. దేశంలో ఇంత కీలకమైన నిర్వహణ పదవి గురించి ఇంత తక్కువ మాట్లాడుకోవడం ఆరోగ్య లక్షణం కాదని నా అభిప్రాయం.

ఈ వ్యవస్థ పుట్టుక నెత్తుటిలో జరిగింది. 1984 అక్టోబరు 31 ఉదయం ఇందిరా గాంధీని ఆమె సొంత నివాస ప్రాంగణంలో, ఆమె రక్షణకు నియమించిన ఢిల్లీ పోలీసులే కాల్చి చంపారు. అప్పటిదాకా ప్రధాని భద్రత ఢిల్లీ పోలీసులు, ఇంటెలిజెన్స్ బ్యూరోల మధ్య పంచుకున్న అనేక విధుల్లో ఒకటి. ఒకే అధికారి కింద, ఒకే పనికి అంకితమైన దళం ఉండాలన్న ఆలోచన బీర్బల్‌నాథ్ కమిటీ ద్వారా రూపుకట్టి 1985లో కార్యరూపం దాల్చింది. చట్టం 1988లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం దళ సభ్యులు అనుమతి లేకుండా రాజీనామా చేయరాదు, సంఘాలు పెట్టుకోరాదు, పత్రికలతో మాట్లాడరాదు. మౌనాన్ని చట్టంగా రాసుకున్నారన్న మాట. భద్రతకు గోప్యత అవసరమే. కానీ ఆ మౌనం వ్యూహానికే పరిమితం కాలేదు, జవాబుదారీకి కూడా పాకింది.

చట్టంలో కీలకమైన మాట ‘సమీప భద్రత’. నడక, రోడ్డు, రైలు, విమానం, పడవ ఏ ప్రయాణమైనా ప్రధానికి అతి చేరువలో ఉండే రక్షణ వలయం, ఆయన బస చేసే చోటు, మాట్లాడే వేదిక, ఆయనను కలిసేవారి రాకపోకల నియంత్రణ దాని పరిధిలోకి వస్తాయి. ఆ వలయం దాటాక ఉన్నదంతా రాష్ట్ర పోలీసుల బాధ్యత. దళానికి సహకరించడం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలన్నింటి విధి అని చట్టం చెబుతుంది. చెప్పడం తేలిక. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి మాటను ప్రత్యర్థి పార్టీ ఏలుబడిలోని రాష్ట్రపు డీజీపీ ఏ మేరకు చెవిన పెట్టుకుంటాడన్నది చట్టం తేల్చలేని సంగతి. రెండు వలయాలు కలిసే అంచు దగ్గరే ఎప్పుడూ చిక్కు వచ్చి పడుతుంది.

2022 జనవరి 5న జరిగింది అదే. ప్రధాని నరేంద్ర మోదీ భటిండాలో దిగి హెలికాప్టర్‌లో హుస్సేనీవాలా అమరవీరుల స్మారకానికి వెళ్లవలసి ఉంది. వాన, మసక వల్ల హెలికాప్టర్ ఎగిరే వీలు లేకపోయింది. రెండు గంటలకు పైగా పట్టే రోడ్డు మార్గాన బయలుదేరారు. గమ్యానికి ఇంకా 30 కిలోమీటర్ల దూరం ఉందనగా ఫిరోజ్‌పూర్ జిల్లాలో ఒక ఫ్లైఓవర్ మీద కాన్వాయ్ ఆగిపోయింది. ముందు నిరసనకారులు రోడ్డు మూసేశారు. 15 నుంచి 20 నిమిషాల పాటు దేశ ప్రధాని వంతెన పైన, వెనక్కి తిరగడమే తప్ప మరో దారి లేని స్థితిలో నిలిచిపోయారు. సరిహద్దు ఎంతో దూరం లేదు.

తర్వాత జరిగిన వాగ్వివాదం మనకు కొత్త కాదు. అది కుట్ర అని బీజేపీ నాయకులు, సభకు జనం రాలేదు కనుకే వెనుదిరిగారని కాంగ్రెస్ నాయకులు దెప్పుకున్నారు. మృత్యుంజయ హోమాలు కూడా జరిగాయి. అసలు ప్రశ్నలు మాత్రం నిర్వహణకు సంబంధించినవి. వాతావరణ సూచన ముందే ఉండగా ప్రత్యామ్నాయ రోడ్డు మార్గంపై రిహార్సల్ ఎంత గట్టిగా జరిగింది? మార్గం మారిందన్న కబురు కింది ఠాణాకు ఎప్పుడు చేరింది? దారి ఖాళీగా ఉందని రాష్ట్ర డీజీపీ నుంచి ధ్రువీకరణ అందాకే కాన్వాయ్ కదిలిందని కేంద్ర హోంశాఖ ప్రకటించింది. అలాగే అనుకుందాం. ఆ నోటి మాటను సొంతంగా సరిచూసుకునే ఏర్పాటు ఢిల్లీ దళానికి ఉందా, లేదా?

సుప్రీంకోర్టు జనవరి 12న విశ్రాంత న్యాయమూర్తి ఇందూ మల్హోత్రా అధ్యక్షతన కమిటీని వేసింది. ఆగస్టు 25న, మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ పదవీ విరమణకు సరిగ్గా ఒకరోజు ముందు, ఆ నివేదికలోని కొన్ని అంశాలను ధర్మాసనం చదివి వినిపించింది. చాలినంత బలగం చేతిలో ఉన్నా, ప్రధాని ఆ దారిన వస్తారని రెండు గంటల ముందే సమాచారం అందినా, ఫిరోజ్‌పూర్ సీనియర్ ఎస్పీ శాంతిభద్రతలు కాపాడలేకపోయారన్నది కమిటీ నిర్ధారణ. ప్రధాని భద్రతకు నియమావళి అయిన ‘బ్లూ బుక్’ను ఎప్పటికప్పుడు సవరించేందుకు ఒక పర్యవేక్షక కమిటీ ఉండాలని కూడా సిఫారసు చేసింది. ప్రజలకు తెలిసింది కోర్టులో వినిపించిన ఆ కొద్ది భాగమే.

సరిగ్గా అదే రోజు, 2022 ఆగస్టు 25న, టోక్యోలో జపాన్ జాతీయ పోలీసు సంస్థ అధిపతి ఇతారు నకమురా తన రాజీనామా ప్రకటించారు. అంతకు నెలన్నర ముందు, జూలై 8న, నారా నగరంలో మాజీ ప్రధాని షింజో అబే హత్యకు గురయ్యారు. హంతకుడు వెనుక వైపు నుంచి వచ్చాడు. ఆ వైపు కాపలా ఎందుకు పలచబడిందన్న దానిపై జపాన్ పోలీసులు తమ సమీక్షా నివేదికను అదే రోజు బయటపెట్టారు. రెండేళ్ల తర్వాత అమెరికాలోనూ ఇదే జరిగింది. 2024 జూలై 13న బట్లర్ పట్టణంలో డొనాల్డ్ ట్రంప్‌పై కాల్పులు జరిగితే, సీక్రెట్ సర్వీస్ డైరెక్టర్ కింబర్లీ చీటిల్ 22న ప్రతినిధుల సభ కమిటీ ముందు కూర్చుని రెండు పార్టీల సభ్యుల నిలదీతను ఎదుర్కొన్నారు. 23న రాజీనామా చేశారు. ఇంటి కప్పు మీదికి ఎక్కిన హంతకుడిని ముందే చూడని తప్పు క్షేత్రంలోని వారిది కావచ్చు. అయినా పదవి వదులుకున్నది పై అధికారి.

మన దగ్గర బాధ్యత జిల్లా ఎస్పీ దగ్గర ఆగిపోతుంది. ఆ ఎస్పీని సమర్థించడం నా ఉద్దేశం కాదు. రెండు గంటల వ్యవధి ఉండి దారి తెరిపించలేకపోవడం వైఫల్యమే. ఆయన ఒక్కడిదే వైఫల్యమైతే మాత్రం బ్లూ బుక్‌ను సవరించాలన్న సిఫారసు ఎందుకు అవసరమైంది? ఢిల్లీలో కాన్వాయ్‌ను నడిపించిన వ్యవస్థ తనను తాను ఏ విధంగా ప్రశ్నించుకుందో పార్లమెంటు ఎన్నడూ అడగలేదు. 1984లో, 1991లో అధినేతలను పోగొట్టుకున్న దేశం మనది.

పొరుగున పాకిస్తాన్ అనుభవం ఇంకా భయంకరం. 2007 డిసెంబరు 27న రావల్పిండిలో బేనజీర్ భుట్టో హత్యపై ఐక్యరాజ్య సమితి విచారణ సంఘం 2010లో ఇచ్చిన నివేదిక చదివితే, భద్రతలో లోపాల కన్నా తర్వాతి ప్రవర్తన ఎక్కువగా కలవరపెడుతుంది. పేలుడు జరిగిన రెండు గంటల లోపే పోలీసులు నీళ్ల గొట్టాలతో ఘటనా స్థలాన్ని కడిగేశారు. ఆమెకు ప్రత్యామ్నాయంగా ఉండవలసిన బులెట్‌ప్రూఫ్ కారు ఆమె భద్రతా వ్యవహారాలు చూసే నాయకులను ఎక్కించుకుని ముందే వెళ్లిపోయింది. శ్రీలంకలో అధ్యక్షుడు ప్రేమదాస 1993 మే డే ఊరేగింపులో బలయ్యారు. ఆయన ఇంటి పనివారితో చాలాకాలం పరిచయం పెంచుకున్నవాడే ఆత్మాహుతి బాంబరుగా వచ్చాడు. అంగరక్షకుల సంఖ్య పెంచినంత మాత్రాన అలాంటివి ఆగవు. ఇంటికి వచ్చిపోయే వారెవరో ఆరా తీసే విసుగుపుట్టించే పని ఏళ్ల తరబడి నిష్ఠగా సాగాలి.

ఈ పదవికి ఉండవలసిన మరో శక్తి, బహుశా అన్నిటికన్నా కష్టమైనది, రక్షించవలసిన వ్యక్తికే ఎదురు చెప్పగలగడం. ఆపరేషన్ బ్లూస్టార్ తర్వాత సిక్కు పోలీసులను తన కాపలా నుంచి తప్పించాలన్న సూచనను ఇందిరా గాంధీ తోసిపుచ్చారు. లౌకిక దేశాధినేతగా ఆమె నిర్ణయంలో ఔన్నత్యం ఉంది, కాదనలేము. మత ప్రాతిపదికన కాకుండా ఒక్కొక్క వ్యక్తినీ విడిగా పరిశీలించి నివేదించే అధికారం, ధైర్యం ఉన్న వ్యవస్థ అప్పుడు ఉండి ఉంటే ఆమె ఆదర్శం, ఆమె ప్రాణం రెండూ నిలిచేవేమో. చనిపోయిన ఉదయాన టెలివిజన్ ఇంటర్వ్యూకు వెళుతూ ఆమె బులెట్‌ప్రూఫ్ కవచం వేసుకోలేదు. శ్రీపెరుంబుదూరులో పూలమాలతో దూసుకువస్తున్న వారిని ఆపబోయిన మహిళా పోలీసు అధికారిని రాజీవ్ గాంధీయే వారించారు. జనంలో కలిసిపోవాలన్న కోరిక లేని రాజకీయ నాయకుడు ఉండడు, ఉండకూడదు కూడా. 2023 జనవరి 12న హుబ్బళ్లి రోడ్ షోలో ఒక బాలుడు పూలదండతో ప్రధాని వాహనం దాకా వచ్చేశాడు. ఆ దండను ఆయన అందుకున్నారు. చూసేవారికి అది ముచ్చటైన దృశ్యం. భద్రతాధికారికి గుండె ఆగిపోయే క్షణం.

ప్రధాని కారు తలుపు తెరుచుకుని నిలబడాలనుకుంటే వద్దని చెప్పే అధికారి తన పదవీకాలాన్ని అదే ప్రధాని కార్యాలయం ఏడాదికోసారి పొడిగిస్తుంటే ఎంత గట్టిగా చెప్పగలడు? ఇది ఏ ఒక్క అధికారి మీదా ఆరోపణ కాదు. పదవిని రూపొందించిన తీరు మీద విమర్శ. 2023 మేలో వచ్చిన నిబంధనలు డైరెక్టర్ హోదా అదనపు డీజీకి తగ్గకూడదని తేల్చాయి, అది మంచిదే. సీబీఐ డైరెక్టర్‌కు మాత్రం చట్టం కనీసం రెండేళ్ల పదవీకాలం ఇస్తోంది, ఎంపికలో ప్రతిపక్ష నేతకు, ప్రధాన న్యాయమూర్తికి స్థానం కల్పిస్తోంది. ఆ ఏర్పాటు సీబీఐని ఏమంత స్వతంత్రంగా నిలబెట్టిందని అడిగేవారున్నారు, వారి సందేహంలో న్యాయముంది. అయినా దర్యాప్తు సంస్థ అధిపతికి పనికొచ్చే స్థిర కాలపరిమితి ప్రాణరక్షణ సంస్థ అధిపతికి ఎందుకు పనికిరాదు?

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. పడకగది గుమ్మం దాకా వచ్చే మనిషి మీద ప్రధానికి వ్యక్తిగత నమ్మకం ఉండాలి, ప్రతిపక్ష నేత ఎంపిక చేసిన వారిని ఆయన నెత్తిన పెట్టలేము అంటారు. ఒప్పుకుంటాను. ఎంపికను ప్రధానికే వదిలేద్దాం. ఎంపిక అయ్యాక మూడేళ్లో నాలుగేళ్లో కదిలించరాని కాలం ఇస్తే, ఆ తర్వాత పొడిగింపు లేదని చట్టంలోనే రాస్తే, నమ్మకానికి వచ్చే నష్టమేమిటి? అమెరికా చట్టం మాజీ అధ్యక్షులకు తమ రక్షణను వద్దనుకునే వీలిచ్చింది గానీ పదవిలో ఉన్న అధ్యక్షుడికి, ఉపాధ్యక్షుడికి ఇవ్వలేదు. వారి ప్రాణం వారి సొంత ఆస్తి మాత్రమే కాదన్న గుర్తింపు అందులో ఉంది.

ఖర్చు సంగతి పదే పదే వినిపిస్తుంది కాబట్టి ఒక మాట. 2019 సవరణ తర్వాత ఎస్పీజీ రక్షణలో ప్రధాని ఒక్కరే మిగిలారు. 2020-21 బడ్జెట్‌లో దళానికి 592.55 కోట్ల రూపాయలు కేటాయించగానే దాన్ని 365తో భాగించి రోజుకు ఇంత అని సామాజిక మాధ్యమాల్లో ఊరేగించారు. ఇది అగ్నిమాపక కేంద్రం ఖర్చును మంటల సంఖ్యతో భాగించడం లాంటిది. నన్ను వేధించేది మరో రకం ఖర్చు. 2009 నవంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ చండీగఢ్ పీజీఐ ఆసుపత్రికి వచ్చిన రోజున, భద్రతా ఆంక్షల వల్ల సకాలంలో లోపలికి ప్రవేశం దొరకని ఒక రోగి మరణించాడు. మన్మోహన్ సింగ్ ఆ కుటుంబానికి విచారం తెలిపారు. అది ఆయన సంస్కారం. ఆసుపత్రిలో కార్యక్రమం ఉన్న రోజున అత్యవసర రోగులకు విడిగా ఒక గేటు తెరిచి ఉంచడం మాత్రం సంస్కారానికి వదిలేయవలసిన విషయం కాదు, ముందస్తు భద్రతా సమావేశపు ఎజెండాలో ఉండవలసిన అంశం.

ఇక ఎవరికి రక్షణ ఇవ్వాలన్న నిర్ణయం. 1988 చట్టం పదవిలో ఉన్న ప్రధానికి, ఆయన కుటుంబానికి మాత్రమే వర్తించేది. 1989లో రాజీవ్ ఓడిపోయారు. 1990 ఆరంభంలో వి.పి.సింగ్ ప్రభుత్వం ఆయనకు ఎస్పీజీని తొలగించింది. ముప్పు పోయిందా అంటే పోలేదు, పదవి పోయింది. 1991 మే 21 రాత్రి ఏమైందో లోకానికి తెలుసు. ఆయనకు తగిన ప్రత్యామ్నాయ సమీప భద్రత కల్పించడంలో కేంద్రం విఫలమైందని జస్టిస్ వర్మ కమిషన్ తప్పుపట్టింది. అటు తర్వాత పి.వి.నరసింహారావు హయాంలో మాజీ ప్రధానులను చట్టంలో చేర్చారు. ఆ గడువు పదేళ్లుగా ఉండగా 2003లో ఏడాదికి కుదించి, ఆపైన ముప్పు తీవ్రతను బట్టి అన్నారు. 2019లో మాజీలకు ఐదేళ్లు చాలన్నారు, సోనియా, రాహుల్, ప్రియాంకలకు సీఆర్పీఎఫ్ వచ్చింది. ప్రతి సవరణ వెనుకా ఒక హేతువు చూపవచ్చు. ప్రతి సవరణ వెనుకా ఒక రాజకీయ నీడ కూడా ఉంది.

ఢిల్లీని వదిలి మన రాష్ట్రాలకు వస్తే ఆ నీడ మరింత చిక్కన. 2003 అక్టోబరు 1న అలిపిరిలో పీపుల్స్ వార్ పేల్చిన క్లేమోర్ మైన్ల నుంచి చంద్రబాబు నాయుడు బయటపడ్డారు. 2018 సెప్టెంబరులో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు పట్టపగలు చంపారు. కాబట్టి ముప్పు ఇక్కడ కల్పితం కాదు. అయితే 2019లో ప్రభుత్వం మారగానే తన భద్రత తగ్గించారని చంద్రబాబు హైకోర్టుకు వెళ్లారు. 2024లో ప్రభుత్వం మళ్లీ మారగానే అదే ఫిర్యాదుతో జగన్‌మోహన్ రెడ్డి అదే హైకోర్టు మెట్లెక్కారు. అంతా నిబంధనల ప్రకారమేనని రెండుసార్లూ అప్పటి ప్రభుత్వాల వాదన. హంతకుల జాబితా ఓట్ల లెక్కింపు రోజున మారిపోతుందని నమ్మితే తప్ప ఈ వాదనను నమ్మడం కష్టం.

మరోవైపు ఇన్‌స్పెక్టర్ స్థాయి ఉద్యోగి సంతకంతో తయారయ్యే ముప్పు అంచనా నివేదికలతో, ఇద్దరు గన్‌మెన్‌ను వెంటేసుకుని పెళ్లిళ్లకు తిరిగే నాయకులు మన జిల్లాల్లో కోకొల్లలు. గన్‌మెన్ ఉంటేనే నాయకుడన్న లెక్క మనది. ఎవరు అసలు ప్రమాదంలో ఉన్నారో, ఎవరు హోదా కోసం అడుగుతున్నారో విడదీసి చెప్పవలసిన ఉన్నతాధికారి అధికార పార్టీ చూపుకు బెదరకుండా ఉండాలంటే ఏం చేయాలన్నది మళ్లీ మొదటి ప్రశ్నకే దారితీస్తుంది. 2024 చివరలో ఎన్ఎస్‌జీని వీఐపీ విధుల నుంచి తప్పించి, చంద్రబాబు సహా తొమ్మిది మంది జెడ్ ప్లస్ నాయకుల బాధ్యతను సీఆర్పీఎఫ్‌కు అప్పగించారు. ఉగ్రవాదులను ఎదుర్కొనేందుకు తయారుచేసిన కమాండోలను కార్ల వెంట పరుగులు పెట్టించడం మానుకోవడం సరైన నిర్ణయమే, ఆలస్యంగానైనా. కానీ దానితో సీఆర్పీఎఫ్ వీఐపీ విభాగపు అధిపతి భుజాల మీద పడిన భారం చిన్నది కాదు. అతడి నియామకం గురించి కూడా ఎవరూ మాట్లాడరు.

బ్లూ బుక్‌ను సవరించే పర్యవేక్షక కమిటీ గురించి ఇందూ మల్హోత్రా నివేదిక చేసిన సిఫారసు అలాగే ఉంది. వ్యూహాలు, మార్గాలు, సిబ్బంది సంఖ్య రహస్యంగానే ఉండనివ్వండి. ఆ కమిటీలో ఎవరుంటారు, ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుంటారు, ఎస్పీజీ డైరెక్టర్ దాని ముందుకు రావాలా అన్నవి రహస్యాలు కావు. ఆ సిఫారసుపై ప్రభుత్వం ఏం చేసిందో లోక్‌సభలో ఒక లిఖితపూర్వక ప్రశ్న వేయడానికి ఒక్క సభ్యుడు చాలు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి అక్కడ 42 మంది ఉన్నారు.